చింత చచ్చినా పులుపు చావని పాత బెంజి కారు

కొత్తగా ఉన్నప్పుడు 40, 50 లక్షల రూపాయలు పలికిన జర్మనీ కారు పది, పన్నెండేళ్లు దాటేసరికి కొత్త చిన్న కారు ధరకే దొరుకుతున్నది. మిర్చి కలిసివచ్చి నాలుగు డబ్బులు చేతిలో ఆడుతున్న రైతుకు, పొలం అమ్మి ఇల్లు కట్టగా కొంత మిగిలిన కుటుంబానికి ఈ బేరం ఆశ పుట్టించడంలో వింత లేదు. బెంజి, బి.ఎం.డబ్ల్యు., ఆడి కారులో ఊళ్లో దిగితే దక్కే గౌరవమూ తక్కువది కాదు. అయితే కారు ధర తగ్గినంత మాత్రాన దాని విడిభాగాల ధర తగ్గదు. 50 లక్షల కారు 6 లక్షలకు చేతులు మారినా, దానికి వేసే పార్టు 50 లక్షల కారు పార్టే. చింత చచ్చినా పులుపు చావదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఈ లెక్క ముందుగా వేసుకున్నవారికి ఆ కారు సుఖాన్నిస్తుంది. వేసుకోనివారికి అప్పు తెచ్చిపెడుతుంది.

అమ్మబోతే అడవి

1994లో బెంజి కంపెనీ, అప్పట్లో టెల్కోగా పిలిచే టాటా వారి సంస్థతో కలిసి మన దేశంలో అడుగుపెట్టింది. 1995లో పుణేలో కార్లు బిగించడం ప్రారంభమైంది. 2007లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ చెన్నై దగ్గర కర్మాగారం తెరిచింది. ఇలా ఏళ్ల తరబడి అమ్ముడైన కార్లే ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బజారులో కనిపిస్తున్నాయి.

మొదటి యజమాని సాధారణంగా కొన్నేళ్లకే కారు మారుస్తాడు. కంపెనీ గ్యారంటీ ముగిసిన కారుకు రిపేరు భయం తోడవుతుంది. కొనేవారు తక్కువ, అమ్మేవారు ఎక్కువ. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నట్టు మొదటి యజమాని నష్టపోయినదే రెండో యజమానికి చవక బేరంగా కనిపిస్తుంది.

దీనికి ఢిల్లీ కార్లు కూడా తోడయ్యాయి. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిలు కార్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లు తిరగరాదన్న ఆంక్షను 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. దాంతో అక్కడి కార్లు ఇతర రాష్ట్రాలకు తరలి వచ్చాయి. 2025లో ఆ ఆంక్ష కొంత సడలింది.

46 లక్షల కిలోమీటర్ల కారు

బెంజి ఇంజనుకు చావు లేదన్న మాట పల్లెల్లోనూ వినిపిస్తుంది. ఆ మాట ఊరికే పుట్టలేదు. గ్రీసు దేశంలో గ్రెగోరియోస్ సాహినిడిస్ అనే టాక్సీ డ్రైవరు 1981లో ఒక సెకండ్ హ్యాండ్ బెంజి కారు కొన్నాడు. అది 1976లో తయారైన 240 డి అనే డీజిలు కారు. కొనేనాటికే 2 లక్షల 20 వేల కిలోమీటర్లు తిరిగి ఉన్నది. దానినే రోజూ టాక్సీగా నడిపి 46 లక్షల కిలోమీటర్లు పూర్తి చేశాడు. భూమి చుట్టూ దాదాపు 115 సార్లు తిరిగినంత దూరమది. 2004లో ఆ కారును కంపెనీ తన మ్యూజియంలో పెట్టుకుని అతనికి కొత్త కారు ఇచ్చింది.

అయితే ఆ దూరమంతా ఒకే ఇంజనుతో తిరిగినది కాదు. ఇంజన్లను మార్చి మార్చి బిగించుకుంటూ, పాడైన దానిని వెంటనే బాగు చేయించుకుంటూ నడిపాడు. ఈ సంగతి చెప్పుకునేవారు తక్కువ.

ఆ కారు తరువాత 1976లో వచ్చిన మోడలు పదేళ్లలో సుమారు 27 లక్షలు తయారైంది. యూరప్‌లో వాడిన ఆ కార్లు ఆఫ్రికా ఖండంలోని మొరాకో దేశం చేరి ఊరికీ ఊరికీ మధ్య టాక్సీలయ్యాయి. డ్రైవరు పక్కన ఇద్దరు, వెనుక నలుగురు ఎక్కేవారు. మన షేర్ ఆటోల పద్ధతే. 2014 నుంచి అక్కడి ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి వాటి స్థానంలో కొత్త బండ్లు పెట్టించడం మొదలుపెట్టింది. అంతవరకు వాటిని నిలబెట్టింది ఇంజను గొప్పతనం ఒక్కటే కాదు. ఆ ఇంజను మన ట్రాక్టరు ఇంజను మాదిరి. అందులో కంప్యూటరు లేదు. ఒకసారి స్టార్టయితే కరెంటుతో పని లేకుండా నడుస్తుంది. స్పానర్లు పట్టడం తెలిసిన మెకానిక్ ఎవరైనా విప్పి బిగించగలడు.

ఇప్పటి కార్ల తీరు వేరు

ఇప్పుడు బేరానికి వస్తున్న కార్లు ఆ తరానివి కావు. ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు, తలుపులు, చివరకు సీట్లు కూడా చిన్న చిన్న కంప్యూటరు పెట్టెల ఆధీనంలో ఉంటాయి. స్కానరు తగిలిస్తే గాని రోగం బయటపడదు. పాక పక్కన నిలిపిన కారులో ఎలుకలు ఒక్క వైరు కొరికినా కారు కదలకపోవచ్చు.

కొన్ని పెద్ద మోడళ్లలో స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులు కారును మోస్తాయి. ఏళ్లు గడిచాక ఆ రబ్బరు పగులుతుంది. రాత్రి నిలిపిన కారు తెల్లవారేసరికి ఒక పక్కకు కుంగి ఉంటే జబ్బు అదేనని అనుమానించాలి. దానిని అలాగే నడిపితే గాలి కొట్టే పంపు కూడా కాలిపోతుంది. బి.ఎం.డబ్ల్యు. కార్లు చాలా వాటికి స్టెప్నీ ఉండదు. పంక్చరు పడినా కొంతదూరం నడిచే గట్టి టైర్లు వేస్తారు. సాధారణంగా 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దూరం పోవచ్చు. ఆ లోపు దానిని బాగుచేసే షాపు దొరకాలి.

ఆరు సిలిండర్ల ఇంజనుకు ఒకసారి ఇంజనాయిలు మార్చితే 7, 8 లీటర్లు పడుతుంది. చిన్న కారుకు మూడు, మూడున్నర లీటర్లు చాలు. పైగా ఖరీదైన ఆయిలే పొయ్యాలి. ఇంజను చల్లార్చే నీటి పైపులు, ట్యాంకులు చాలావరకు ప్లాస్టిక్‌వి. వయసుతో పెళుసెక్కి పగులుతాయి. వేడి ముల్లు పైకి పోయినా నడిపితే ఇంజను హెడ్డు వంగుతుంది. వాగు పొంగినప్పుడు కారును నీళ్లలో దింపరాదు. గాలికి బదులు నీటిని పీల్చుకున్న ఇంజనులో కనెక్టింగ్ రాడ్డు వంగి, మొత్తం ఇంజనే పోతుంది.

పైన పటారం

2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వరదలు వచ్చినప్పుడు వాహనాలెన్నో నీట మునిగాయి. మునిగిన కారును కడిగి, పాలిషు పట్టి అమ్మితే పైన పటారం, లోన లొటారమే. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడాలి. బురద మరక ఉంటే అక్కడ దాగి ఉంటుంది. సీట్ల కింది ఇనుప పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద ఒండ్రు, ముక్క వాసన కూడా ఆనవాళ్లే.

తాళం తిప్పగానే ఎయిర్ బ్యాగ్, ఎ.బి.ఎస్. బ్రేకుల ఎర్ర, పసుపు దీపాలు వెలిగి, కొద్ది క్షణాలకు ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానం. లోపం కనబడకుండా దీపాన్నే తీసేసి ఉండవచ్చు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడి బాగున్నా రబ్బరు ముదిరిన టైరు వేగంలో పేలే ప్రమాదం ఉన్నది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్లి స్టార్టు చేయించాలి. బేరం కుదరక ముందే స్కానరున్న షెడ్డులో పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు వృథా కాదు. పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు కారు వదిలేయడమే మేలు.

కాగితాల సంగతి

ఇతర రాష్ట్రపు కారైతే అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తేవాలి. పేరు మార్పునకు ఫారాలు 29, 30 కావాలి. పాత యజమాని అప్పు మీద కొని ఉంటే ఆ అప్పు తీరినట్టు ఫారం 35 ఉండాలి. మన రాష్ట్రంలో జీవితకాల పన్ను మళ్లీ కట్టవలసి వస్తుంది. ఇది కలుపుకుంటే ఢిల్లీ చవక సగం కరిగిపోతుంది.

రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తరువాత కారును పరీక్షకు తీసుకువెళ్లి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఈ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. విదేశాల నుంచి నేరుగా దిగుమతైన కార్లకు ఇంకా ఎక్కువ. కొన్న 14 రోజుల్లో బీమాను తమ పేరుకు మార్పించుకోవాలి. అశ్రద్ధ చేస్తే ప్రమాదం జరిగిన నాడు సొంత కారుకు పరిహారం రాకపోవచ్చు.

రోజూ నడిపితేనే మేలు

ఇన్ని చెప్పినా పాత విదేశీ కారు కొనరానిదేమీ కాదు. దాని కూర్పు గట్టిది. దూర ప్రయాణంలో నడుము నొప్పి తెలియదు. సడన్ బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా కాపాడే ఎ.బి.ఎస్. బ్రేకును బెంజి కంపెనీ 1978లోనే తన పెద్ద కారులో పెట్టింది. పెళ్లికీ పేరంటానికీ మాత్రమే తీసే కారు కన్నా రోజూ తిరిగే కారే బాగుంటుంది. నెలల తరబడి నిలిపితే బ్యాటరీ దిగిపోతుంది. రబ్బరు ఎండుతుంది. టైర్లు ఒకే చోట అణుగుతాయి.

ఖర్చు తగ్గించుకునే దారులూ ఉన్నాయి. ఈ కంపెనీలకు భాగాలు తయారుచేసి ఇచ్చే బాష్, జడ్.ఎఫ్., మాలే వంటి సంస్థలు తమ సొంత పెట్టెల్లోనూ వాటిని అమ్ముతాయి. అవి కార్ల కంపెనీ పెట్టెలో వచ్చే వాటికన్నా తక్కువకే దొరుకుతాయి. ఢిల్లీలోని మాయాపురి, ముంబైలోని కుర్లా పాత విడిభాగాలకు పేరుబడ్డ బజార్లు. అయితే బ్రేకులు, ఎయిర్ బ్యాగులు, టైర్ల విషయంలో మాత్రం పాతవాటి జోలికి పోరాదు.

చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పెట్టేయరాదు. 9 లక్షలుంటే 6 లక్షల కారే చూసుకుని, మిగిలిన 3 లక్షలను మొదటి రెండేళ్ల మరమ్మతుకు బ్యాంకులో వేసుకోవడం క్షేమం. కారు షెడ్డులో ఉన్న రోజున మార్కెట్ యార్డుకో, ఆసుపత్రికో పోవడానికి ఇంట్లో మరో బండి ఉండాలి. గేదెను కొనేవాడు పాడి ఒక్కటే చూడడు, ఏడాది పొడుగునా మేత ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూసుకుంటాడు. ఆ పాటి లెక్క కారుకూ వేసుకుంటే గుమ్మం ముందున్న బెంజి గౌరవంగానే ఉంటుంది, గుదిబండ కాదు.