షెడ్డులో పరీక్షకు నిలిచిన 8 వేల ఫోను

శిడ్లఘట్టలో గూళ్లు అమ్మిన డబ్బుల్లో 8 వేలు పెట్టి ఫోను కొన్నా. బ్యాటరీ 5000 ఎంఏహెచ్. కరెంటు లేకున్నా రెండు దినాలు వస్తుంది, అది మెచ్చుకోవాల. 64 జీబీ మాత్రం మన గుడ్ మార్నింగులకే సగం నిండింది. సున్నం అంటిన వేలికి తెర పలకదు.

అసలు తంటా కెమెరా. నాలుగో జ్వరం లేచిన నాలుగో దినం కొన్ని పురుగులకు కణుపులు ఉబ్బినాయి. రాత్రి షెడ్డులో తీసిన ఫోటో మసక మసక. "ఏమీ తెలీలేదన్నా, మళ్ళీ పంపండి" అన్నారు అధికారి. తెల్లారి పురుగును తెల్ల కాగితం మీద పెట్టి, వాకిట్లో నీడన తీస్తే పాల రోగమన్నారు. ఏరేసి సున్నం చల్లేలోగా రెండు తట్టలు పోయినాయి.

మీరు కొనేటప్పుడు అంగట్లోనే బల్ల కింద చీకట్లో ఒక ఫోటో తీసి, పెద్దది చేసి చూడండి.