తూలుడుకో తూకం!

నడుస్తూ నడుస్తూ పక్కకి తూలితే లోకం అనే మాట ఒక్కటే... 'పొద్దున్నే తాగేసినట్టున్నాడు' అని. మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉన్నవాళ్లకి ఆ చూపులు కొత్తకాదు. అయితే ఆ తూలుడుని కొలవొచ్చు. అది ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోవచ్చు. పడిపోకముందే జాగ్రత్తపడొచ్చు. అందుకు కావలసింది ఓ కుర్చీ, ఓ స్టాప్‌వాచీ, ఓ స్పాంజి దిమ్మ... వాటిని ఎలా వాడాలో తెలిసిన మనిషి!

గోడ పట్టుకుని నడిచే పరిస్థితి ఒక్కరోజులో రాదు. మొదట మెట్లు దిగేటప్పుడు చెయ్యి రెయిలింగు కోసం వెతుకుతుంది. కొన్నాళ్లకి కాలికున్న చెప్పు జారిపోయినా నాలుగడుగులు వేశాకగానీ తెలియదు. రాత్రిపూట కరెంటు పోతే అడుగు వెయ్యాలంటే భయం. స్నానాలగదిలో ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే ఒళ్లు ఊగిపోతుంది. ఇంట్లోవాళ్లు నీరసమనుకుంటారు. 'వేళకి తింటేగా' అని విసుక్కుంటారు. పరీక్షలన్నీ చేసి డాక్టర్లు జబ్బు పేరు చెప్పాక కూడా 'చూడ్డానికి బాగానే ఉన్నావుగా' అనేవాళ్లకి లోటుండదు.

వైద్యులు పొట్టిగా ఎంఎస్ అని పిలిచే ఈ జబ్బులో, శరీరాన్ని కాపాడాల్సిన రోగ నిరోధక వ్యవస్థే పొరబడి నాడీవ్యవస్థ మీద దాడికి దిగుతుంది. కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే మెదడులో, వెన్నుపాములో, కంటి నరాల్లో ఉండే నాడీతంతువులకి మైలీన్ అనే పొర ఉంటుంది. దాడిలో ఆ పొర అక్కడక్కడా దెబ్బతింటుంది. దాంతో సంకేతాలు ఆలస్యంగా చేరతాయి. కొన్ని అసలు చేరవు. 1868లో పారిస్ వైద్యుడు షార్కో దీన్నో ప్రత్యేక వ్యాధిగా వివరించాడు. ఎక్కువగా 20-40 ఏళ్ల మధ్య బయటపడే ఈ జబ్బు మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఉద్యోగం, పెళ్లి, చంటిపిల్లలు... అన్ని బాధ్యతలూ మీదపడే వయసన్నమాట!

ముగ్గురు వేగులు

నిటారుగా నిలబడటం మనకి లెక్కలోకి రాని పని. మెదడుకి మాత్రం క్షణం తీరిక ఉండదు. 'ఎటు ఒరుగుతున్నాం' అన్న కబురు దానికి ముగ్గురు వేగులు మోసుకొస్తారు. మొదటిది చూపు. రెండోది లోపలిచెవి. మూడోది పాదాలు, కీళ్లు, కండరాల నుంచి వచ్చే స్పర్శ. ఈ మూడింటినీ బేరీజు వేసుకుని చిన్నమెదడు మన ఒంటిని సరిదిద్దుతూ ఉంటుంది. ఒక వేగు రాకపోయినా మిగతా ఇద్దరితో పని నడిచిపోతుంది. ఇద్దరు రాకపోతేనే కష్టం.

ఎంఎస్‌లో ఎవరి దారి తెగుతుందో ముందే చెప్పలేం. ఒకరికి పాదాల స్పర్శ మందగిస్తుంది. ఇంకొకరికి చూపు మసకబారుతుంది. మరొకరికి చిన్నమెదడే దెబ్బతింటుంది. కొందరికి కాళ్లు బిగుసుకుపోతాయి. బయటికి కనిపించే తూలుడు ఒకటే. కారణాలే వేరు. అందుకే 'బ్యాలెన్స్ తప్పుతోంది' అన్న ఒక్క మాటతో వైద్యం మొదలుపెట్టడం కుదరదు.

కళ్లు మూసుకోండి చూద్దాం!

ఈ చిక్కుముడి విప్పే పరీక్షల్లో పాతకాలం నాటిది, ఇప్పటికీ ప్రతి న్యూరాలజిస్టూ చేసేది రోంబెర్గ్ పరీక్ష. 19వ శతాబ్దంలో బెర్లిన్‌లో పనిచేసిన వైద్యుడు మోరిట్జ్ రోంబెర్గ్ పేరే దానికి పెట్టారు. పరికరాలేం అక్కర్లేదు. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడమంటారు. తర్వాత కళ్లు మూసుకోమంటారు. తెరిచినప్పుడు నిలకడగా ఉండి, మూయగానే తూలిపోతే... ఆ మనిషి అప్పటిదాకా చూపు ఆసరాతో నెట్టుకొస్తున్నట్టు! పాదాల కబురు మెదడుకి సరిగా అందడం లేదేమోనని ముందు చూస్తారు. కళ్లు తెరిచి ఉన్నా తూలుతుంటే చిన్నమెదడు మీదికి అనుమానం పోతుంది. చీకట్లోనూ ముఖం కడుక్కునేటప్పుడూ పట్టు తప్పడానికి కారణం ఇదే.

1986లో అమెరికా ఫిజియోథెరపిస్టులు షమ్‌వే-కుక్, హోరాక్ దీనికి స్పాంజి దిమ్మను జోడించారు. మెత్తటి స్పాంజి మీద నిలబడితే పాదాల కబురు నమ్మదగ్గది కాదు. కళ్లు కూడా మూసుకుంటే మిగిలే వేగు లోపలిచెవి ఒక్కటే. దాని సత్తా ఏపాటిదో అప్పుడు తెలిసిపోతుంది. ఇదే సూత్రంతో కదిలే పలకల మీద నిలబెట్టి కంప్యూటర్‌తో కొలిచే యంత్రాలూ ఉన్నాయి. అంతరిక్షం నుంచి తిరిగొచ్చిన వ్యోమగాముల నిలకడని నాసా శాస్త్రవేత్తలు అలాంటి యంత్రంతోనే పరీక్షించారు.

లేచి... నడిచి... కూర్చుని!

నిలబడటం ఒక ఎత్తు. కదలడం మరో ఎత్తు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి, మళ్లీ వచ్చి కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. 1991లో వచ్చిన ఈ పరీక్షని ఆరోగ్యంగా ఉన్నవాళ్లు సుమారు పది సెకన్లలోపు ముగించేస్తారు. కెనడా ఫిజియోథెరపిస్టు క్యాథరిన్ బెర్గ్ 1989లో రూపొందించిన పరీక్షలో 14 పనులుంటాయి. కింద పడిన వస్తువు తియ్యడం, వెనక్కి తిరిగి చూడటం, ఒంటికాలి మీద నిలబడటం... ఒక్కోదానికీ నాలుగేసి మార్కులు. మొత్తం 56.

అది వయసు మళ్లినవాళ్ల కోసం తయారైంది. ఎంఎస్ తొలిదశలో ఉన్న పాతికేళ్ల అమ్మాయి అందులో నూటికి నూరు తెచ్చుకున్నా బజారులో పడిపోవచ్చు. అలాంటివాళ్లకి ఇంకాస్త కఠినమైన పరీక్షలు పెడతారు. ఉదాహరణకు, నడుస్తూనే వందలోంచి మూడేసి తీసేస్తూ పైకి లెక్క చెప్పమంటారు. అప్పుడు అడుగు తడబడితే, సెల్‌ఫోన్లో మాట్లాడుతూ రోడ్డు దాటడం ఆ మనిషికి ప్రమాదమని అర్థం.

వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 'ఈమధ్య ఎన్నిసార్లు పడ్డారు?' ఎంఎస్ ఉన్నవాళ్లలో సగానికిపైగా ఏ మూడు నెలలు తీసుకున్నా ఒక్కసారైనా పడుతున్నారని వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. గడప దాటనివ్వరేమోనన్న భయంతో ఆ సంగతి దాచేవాళ్లూ ఉంటారు. పడతామన్న భయంతో నడకే మానేస్తే కాళ్లు ఇంకా బలహీనపడతాయి. అందుకే ఆ భయాన్ని కొలిచేందుకూ 16 ప్రశ్నల పట్టిక ఉంది.

ఎండతో తంటా

ఒంట్లో వేడి పెరిగితే ఎంఎస్ లక్షణాలు తాత్కాలికంగా ఎక్కువవుతాయి. జర్మనీ కంటివైద్యుడు ఉట్‌హాఫ్ 1890లో గుర్తించిన ఈ లక్షణానికి ఆయన పేరే ఉంది. మన రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం చేసిన పరీక్షకీ, డిసెంబరు ఉదయం చేసిన పరీక్షకీ పోలిక పెడితే లెక్క తప్పుతుంది. వీలైనంతవరకూ అదే వేళకి, అవే చెప్పులతో, అదే చేతికర్రతో చేయించుకోవాలి.

మార్కులు వచ్చాక...

ఈ మార్కులు ఫైల్లో దాచుకోవడానికి కాదు. లోపం లోపలిచెవి వైపు ఉంటే తల తిప్పుతూ చూపు నిలిపే వ్యాయామాలు చేయిస్తారు. పాదాల స్పర్శ తగ్గితే ఆ ఇంట్లో రాత్రంతా బెడ్‌లైటు వెలగాలి, స్నానాలగదిలో పట్టుకోవడానికి గట్టి కమ్మీ ఉండాలి. కాళ్లు బిగుసుకుంటే మందులు, సాగదీసే వ్యాయామాలు. పాదం వాలిపోతుంటే మడమ దగ్గర ఆసరా పట్టీ. కొద్ది నెలల తర్వాత మళ్లీ కొలిస్తే చేసిన వైద్యం పనిచేసిందో లేదో తేలిపోతుంది. మార్కులు ఒక్కసారిగా పడిపోతే జబ్బు మళ్లీ విజృంభించిందేమో న్యూరాలజిస్టు చూస్తారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎంఎస్‌ని వైకల్యాల జాబితాలో చేర్చింది. 1985లో మొదలైన మల్టిపుల్ స్క్లిరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది.

తూలే ప్రతివాళ్లకీ ఎంఎస్ ఉన్నట్టు కాదు. చెవి సమస్యలు, విటమిన్ బి12 లోపం, మధుమేహం... కారణాలు చాలా ఉంటాయి. ఉన్నట్టుండి తూలుతూ మాట తడబడితే మాత్రం అది పక్షవాతం కావచ్చు, క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పైన చెప్పిన పరీక్షల్ని ఒంటరిగా ఇంట్లో ప్రయత్నించకూడదు. చెయ్యి అందేంత దగ్గర్లో తెలిసినవాళ్లు నిలబడాల్సిందే.

ఇంట్లోవాళ్లు చెయ్యగలిగిన పని మరొకటుంది. ఓ చిన్న నోటుపుస్తకంలో ఏ తేదీన, ఏ వేళప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా పడ్డారో రాసిపెట్టాలి. పడబోయి తమాయించుకున్నవి కూడా. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు స్కానింగు ఫిల్ములతోపాటు ఆ పుస్తకాన్నీ పట్టుకెళ్లండి.