క్రీడల సున్నపు పూత: ప్రభుత్వముల చేతిలోని ఫుట్‌బాల్ క్లబ్బులు, పాలమూరు సంఘముల బాధ్యత

ఉపోద్ఘాతము

శనివారము పెబ్బేరు సంతకు గొర్రెలు, మేకలు, ఎడ్లు కొనుటకు, అమ్ముటకు చుట్టుప్రక్కల మండలముల జనము వచ్చుట మనకు తెలిసినదే. ఆ జనములో ఫుట్‌బాల్ చొక్కాలు తొడుగుకొన్న యువకులు కనబడుట ఇప్పుడు వింత కాదు. ఒకని రొమ్ముమీద ఎతిహాద్ అనియు, మరియొకని రొమ్ముమీద ఎమిరేట్స్ అనియు, వేరొకని రొమ్ముమీద ఖతార్ ఎయిర్‌వేస్ అనియు ఉండును. ఇవి ఆటగాళ్ల పేర్లు కావు, జట్ల పేర్లు కావు. ఈ మూడును గల్ఫ్ ప్రభుత్వముల విమాన సంస్థలు. ఆ యువకుల అన్నలో, మేనమామలో కూలికి ఎక్కి వెళ్లిన విమానములు కూడ ఇవే కావచ్చును.

ఒకే పేరు చొక్కామీద వినోదముగాను, కుటుంబములో వలసగాను కనబడుచున్నది. ఈ రెండింటికి గల సంబంధమేమి? ఆ సంబంధమును వివరించి, కాపరులకు ఉపయోగపడు కొన్ని సంగతులు సూచించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. స్పోర్ట్స్‌వాషింగ్ అనగానేమి?

ఒక ప్రభుత్వము తన అన్యాయములపైనుండి లోకము యొక్క చూపును మరల్చుటకు క్రీడలను వాడుకొనుటకే స్పోర్ట్స్‌వాషింగ్ అని పేరు. తెలుగులో దీనిని క్రీడల సున్నపు పూత అనవచ్చును. 2015లో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో యూరోపియన్ క్రీడలు జరిగినప్పుడు ఈ మాట బాగుగా వాడుకలోనికి వచ్చినది. మాట క్రొత్తదే గాని పని పాతది. 1936లో హిట్లర్ ప్రభుత్వము బెర్లిన్‌లో ఒలింపిక్ క్రీడలను, 1978లో అర్జెంటీనా సైనిక ప్రభుత్వము ప్రపంచ కప్పును ఈ విధముగానే వాడుకొనినవి.

పూత పూయుటకు రెండు మార్గములున్నవి. మొదటిది, పెద్ద పోటీని తన దేశములో జరిపించుట. రెండవది, ఇతర దేశములో ప్రజలు ప్రేమించు జట్టును కొనుట. రెండవది ఎక్కువ కాలము నిలుచును. పోటీ నెలలో ముగియును. క్లబ్బు మీది అభిమానము తండ్రినుండి కుమారునికి వచ్చును. జట్టును కొన్నవాడు ఆ అభిమానములో కూడ పాలు పొందును. యజమానిని విమర్శించినవాడు తమ జట్టునే విమర్శించినట్లు అభిమానులకు తోచును. ఈ పద్ధతి యొక్క బలమంతయు ఇక్కడనే ఉన్నది.

2. ఈ క్లబ్బుల యజమానులెవరు?

మూడు ఉదాహరణలు చాలును. 2008 సెప్టెంబరులో అబుదాబి రాజకుటుంబమునకు చెందిన షేక్ మన్సూర్ సంస్థ ఇంగ్లండులోని మాంచెస్టర్ సిటీ క్లబ్బును కొనినది. ఇది ఆయన స్వంత పెట్టుబడి అని క్లబ్బు వారి వాదన. అయితే 2023లో ఆయన యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఉపాధ్యక్షుడుగా నియమింపబడెను గనుక, వ్యక్తికిని ప్రభుత్వమునకును మధ్య గీత గీయుట సులభము కాదు. ఆ క్లబ్బు విజయములు పొందుచున్న కాలములోనే, 2017లో అరెస్టు చేయబడిన మానవ హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్‌కు 2018లో అదే దేశపు న్యాయస్థానము 10 సంవత్సరముల చెరసాల శిక్ష విధించినది. ఈ క్లబ్బునకు సంబంధించిన సంస్థ 2019లో మన దేశములోని ముంబై సిటీ జట్టులో కూడ 65 శాతము వాటా కొనినది.

రెండవది, 2011లో ఖతార్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ కొనిన పారిస్ సెయింట్ జెర్మేన్.

మూడవది, న్యూకాజిల్ యునైటెడ్. 2021 అక్టోబరు 7న సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి ఇందులో 80 శాతము వాటాను తీసికొనినది. ఈ నిధికి అధ్యక్షుడు ఆ దేశపు యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్. ప్రభుత్వము క్లబ్బును నడిపించదని తమకు చట్టబద్ధమైన హామీలు లభించినవని ప్రీమియర్ లీగ్ ప్రకటించినది. మరుసటి సంవత్సరమే ఆ జట్టు ధరించిన చొక్కాలలో ఒకటి సౌదీ జాతీయ జట్టు రంగులైన తెలుపు, ఆకుపచ్చలలో వచ్చినది. 2018 అక్టోబరు 2న జమాల్ ఖషోగ్గి అను పాత్రికేయుడు ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేటులో హత్య చేయబడెను. 2022 మార్చి 12న సౌదీ ప్రభుత్వము ఒక్క దినముననే 81 మందికి మరణశిక్ష అమలు జరిపినది. 2023లో ఒక టెలివిజన్ సంభాషణలో యువరాజు, ఈ పని వలన తన దేశపు ఆదాయము ఒక శాతము పెరిగినయెడల తాను దీనిని కొనసాగింతునను భావముతో మాటలాడెను. 2024 డిసెంబరు 11న ఫిఫా 2034 ప్రపంచ కప్పును ఆ దేశమునకు కేటాయించినది.

3. ప్రభుత్వ జట్టు అన్నంతనే తప్పా?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. ప్రభుత్వము జట్టును పోషించుట దానంతట అదే పాపము కాదు. మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ వరకు వెళ్లినది, 1962 ఆసియా క్రీడలలో బంగారు పతకము పొందినది. బీద కుటుంబముల పిల్లలకు అటువంటి జట్లు ఉద్యోగమును, గౌరవమును ఇచ్చినవి.

కాబట్టి మనము అడుగవలసిన ప్రశ్న యజమాని ఎవరనునది మాత్రమే కాదు. ఈ ఆట వెలుగులో ఏది చీకటిలో పెట్టబడుచున్నది? దానిని గూర్చి అడిగినవానికి ఏమి జరుగుచున్నది? అడుగుటకు స్వేచ్ఛ ఉన్న చోట ఆట ఆటగానే ఉండును. అడిగినవాడు చెరసాలలో ఉన్న చోట ఆట పూతగా మారును.

4. ఖతార్ 2022: లెక్కలను సరిగా చదువుట

2010 డిసెంబరు 2న ఖతార్‌కు ప్రపంచ కప్పు కేటాయింపబడినది. 7 క్రొత్త స్టేడియములు, మెట్రో, రహదారులు, హోటళ్లు, విమానాశ్రయ విస్తరణ మొదలైనవి లేచినవి. వాటిని కట్టినవారు ఎక్కువగా నేపాల్, భారతదేశము, బంగ్లాదేశ్ మొదలగు దేశముల కూలీలు. వారిలో తెలంగాణ జిల్లాలవారును ఉన్నారు.

2021 ఫిబ్రవరిలో ది గార్డియన్ పత్రిక, 10 సంవత్సరములలో 5 దక్షిణాసియా దేశముల వారు 6,500 మందికి పైగా ఖతార్‌లో మరణించిరని ప్రచురించినది. అందులో 2,711 మంది భారతీయులు. ప్రసంగములలో ఈ సంఖ్యను స్టేడియములు కట్టుచు చనిపోయినవారు అని చెప్పుట వినబడుచున్నది. అది సరి కాదు. అన్ని వృత్తులవారు, అన్ని కారణములచేత మరణించినవారు ఆ లెక్కలో ఉన్నారు. మరియొక ప్రక్క నిర్వాహకులు స్టేడియముల పనివారిలో పని సంబంధమైన మరణములు 3, ఇతర మరణములు 37 అని చెప్పిరి. 2022 నవంబరులో నిర్వాహక సంఘపు అధికారియే, పోటీకి సంబంధించిన పనులన్నిటిలో 400 నుండి 500 మంది మరణించియుండవచ్చునని ఒక సంభాషణలో అనెను.

ఇంత భేదము ఎందుకు వచ్చినది? మరణ ధృవీకరణ పత్రములో వ్రాయు మాట వలన. అనేకుల పత్రములలో సహజ మరణమనియో, గుండె ఆగిపోయినదనియో వ్రాసిరి. ఎందుకు ఆగినదో పరీక్షించలేదు. ఆరోగ్య పరీక్షలలో నెగ్గి వెళ్లిన యువకుని గుండె నిద్రలో ఎందుకు ఆగినది? ఖతార్‌లోని నేపాలీ కార్మికులను గూర్చి 2019లో ఒక హృద్రోగ వైద్య పత్రికలో ప్రచురింపబడిన పరిశోధన, 2009 నుండి 2017 వరకు జరిగిన 571 గుండె సంబంధ మరణములలో సుమారు 200 ఎండ వేడినుండి తగిన రక్షణ ఉన్నయెడల నివారింపబడి యుండేవని అంచనా వేసినది.

సహజము అను ఒక్క మాట కుటుంబము యొక్క భవిష్యత్తును నిర్ణయించును. పని వలన కలిగిన మరణమునకే యజమాని పరిహారము చెల్లించును. మన దేశపు ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయలు లభించునది ప్రమాద మరణమునకు. గుండె ఆగి చనిపోయెనని వ్రాయబడినయెడల ఈ రెండును చేజారును. శంషాబాదు విమానాశ్రయములో పెట్టెను దించుకొను భార్య చేతికి వచ్చునది ఆ కాగితము మాత్రమే.

5. కఫాలా పద్ధతియు గుంపు మేస్త్రీయు

కఫాలా అనగా విదేశీ కార్మికుని ఉనికిని ఒక యజమాని పూచీకి కట్టివేయు పద్ధతి. యజమాని అనుమతి లేక పని మారుటకు వీలులేదు; అనేక సందర్భములలో దేశము విడుచుటకును వీలులేదు. పాలమూరువారికి దీనిని వివరించుట కష్టము కాదు. మన తాతల కాలమునుండి గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చి, కుటుంబమును దూరదేశపు ఆనకట్టలకు, కాలువలకు తీసికొనిపోయెడివాడు. అప్పు తీరువరకు విడుదల లేదు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చిన తరువాతను ఈ పద్ధతి వెంటనే పోలేదు. గల్ఫ్‌కు ఎక్కువగా వెళ్లినది కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతములవారైనను, అప్పుతో కట్టుబడిన చాకిరి యొక్క రుచి మనవారికి బాగుగా తెలియును. మేస్త్రీ స్థానములో ఏజెంటు, అడ్వాన్సు స్థానములో వీసా అప్పు వచ్చినవి, అంతే.

న్యాయముగా చెప్పవలసినయెడల, విమర్శల వలన కొంత మేలు జరిగినది. 2018లో అంతర్జాతీయ కార్మిక సంస్థ దోహాలో కార్యాలయము తెరచినది. 2020లో పని మారుటకు యజమాని అనుమతి అవసరము లేకుండ ఖతార్ చట్టము మార్చినది. 2021 మార్చినుండి 1,000 రియాళ్ల కనీస వేతనము అమలులోనికి వచ్చినది. అదే సంవత్సరము వేసవిలో ఉదయము 10 గంటలనుండి మధ్యాహ్నము 3.30 వరకు ఆరుబయటి పని నిషేధింపబడినది. లోకము చూచుచున్నప్పుడు ఈ మార్పులు వచ్చినవి. గనుక పూత వేయువారు కోరునది మన చూపు మరలుటయే అని గ్రహింపవలెను.

6. హేరోదు ఆటలు

ఈ పద్ధతి క్రొత్త నిబంధన కాలమునకు పరాయిది కాదు. మహా హేరోదు యెరూషలేములో నాటకశాలను, మైదానములో క్రీడా ప్రాంగణమును కట్టించి, కైసరు గౌరవార్థము ఆటలు జరిపించెనని చరిత్రకారుడైన జోసీఫసు వ్రాసెను. ధనము లేక క్షీణించుచున్న ఒలింపిక్ క్రీడలకు హేరోదు నిధులిచ్చి, వాటికి అధ్యక్షుడను గౌరవము పొందెను. గ్రీకులు ఆయనను ఉదారుడని పొగడిరి. మత్తయి 2వ అధ్యాయము బేత్లెహేము తల్లుల కన్నీటి ద్వారా అదే రాజును చూపించుచున్నది. ఇద్దరును ఒకే మనుష్యుని గూర్చి చెప్పుచున్నారు. ఏ సాక్ష్యమును మనము ముందుగా విందుము?

పౌలు క్రీడలను నిందించలేదు. పందెగాని ఉపమానమును 1 కొరింథీ 9లో ఆదరముతో వాడెను. అయితే యిర్మీయా 22:13 పొరుగువానికి జీతమియ్యక కట్టిన మేడను గూర్చియు, యాకోబు 5:4 బిగబట్టిన కూలి దేవుని చెవిలో మొఱ్ఱపెట్టుటను గూర్చియు మాటలాడుచున్నవి. మత్తయి 23:27లోని సున్నపు పూత ఉపమానము మన అంశమునకు సరిగా అతుకును. సున్నము చెడ్డది కాదు. దాని క్రింద ఉన్నదానిని దాచుటయే దోషము.

7. రెండు అభ్యంతరములు

మొదటిది: పాశ్చాత్యులు తాము చేసిన అన్యాయములను మరచి అరబ్బులను మాత్రమే నిందించుచున్నారు. ఇందులో సత్యమున్నది. మన ఇంటి సంగతి కూడ చూడవలెను. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్ కార్మికుల కనీస సిఫారసు వేతనములను తగ్గించినది. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యము దాఖలైన తరువాత, 2021లో ఆ ఉత్తర్వులు ఉపసంహరింపబడినవి. అయితే నిందించువాని తప్పు చనిపోయినవాని లెక్కను కొట్టివేయదు.

రెండవది మరింత సున్నితమైనది. గల్ఫ్ మన కుటుంబములకు అన్నము పెట్టినది. ఖతార్ అమీరు ఇచ్చిన భూమిలోనే దోహా క్రైస్తవ ఆరాధనా ప్రాంగణము ఏర్పడి, 2008లో అక్కడ మొదటి దేవాలయము ప్రతిష్ఠింపబడినది. తెలుగువారును ఆ ప్రాంగణములో ఆరాధించుచున్నారు. ఈ మేలు తలచుకొని మౌనముగా ఉండవలెనా? కృతజ్ఞత సద్గుణము. అయితే మేలు పొందినవాడు తన సహోదరుని మరణమును గూర్చి అడుగకూడదను నియమము కృతజ్ఞతలో లేదు. అది కొనబడిన మౌనము. క్లబ్బు అభిమానిని చుట్టుకొను ఉరి కూడ ఇదియే.

8. కాపరి చేయదగినవి

ఆట చూడవద్దని యువకులకు చెప్పుట వలన ప్రయోజనము లేదు. చొక్కామీద పేరు ఎవరిదో అడుగుమని నేర్పవలెను. తరువాత ఈ క్రింది పనులు చేయవచ్చును.

వెళ్లువాడు ప్రభుత్వ నమోదు గల ఏజెంటు ద్వారానే వెళ్లుచున్నాడా అని ఈ-మైగ్రేట్‌లో చూడవలెను. ఏజెంటు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. ఒప్పందపు నకలును, బీమా పత్రపు నకలును ఇంటిలో ఉంచుమని చెప్పవలెను. జీతము ఆగినయెడల మదద్ ద్వారా రాయబార కార్యాలయమునకు ఫిర్యాదు వ్రాయుటకు సహాయపడవలెను. మరణము సంభవించినయెడల, సమాధి కార్యక్రమమునకు ముందే కుటుంబము పక్షమున రెండు ప్రశ్నలు వ్రాతమూలకముగా అడుగవలెను: మరణమునకు అసలు కారణమేమి? రావలసిన జీతమెంత? తెలంగాణ ప్రభుత్వము 2024లో గల్ఫ్ మృతుల కుటుంబములకు ప్రకటించిన 5 లక్షల రూపాయల సహాయమునకు దరఖాస్తు చేయించవలెను.

ముగింపు

2034 ప్రపంచ కప్పుకు స్టేడియములు ఇంకను కట్టవలసియున్నది. వాటికి పనివారు కావలెను. ఏజెంట్లు మన మండలములకు వచ్చెదరు, అప్పులు పుట్టును, విమానములు ఎక్కెదరు. ఖతార్ విషయములో మనము పెట్టెలు వచ్చిన తరువాత మేలుకొంటిమి. ఈసారి ముందుగానే తెలిసియున్నది. పూత ఆరకముందే గోడను పరీక్షించుట సులభము.