చివరి సెక్షన్‌లో డౌట్ అడగొచ్చా?

మొన్న మా పిన్ని ఫోన్ చేసింది. తమ్ముడి టెన్త్ అయిపోయింది. ‘నువ్వు చదివిన కాలేజీలోనే వేద్దామనుకుంటున్నాం రా. ర్యాంకులు బాగా వస్తున్నాయట కదా!’ అంది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ‘రేపు మాట్లాడతా పిన్నీ’ అని పెట్టేశాను.

నేను టెన్త్ దాకా ప్రభుత్వ గురుకులంలో, ఇంటర్ ఓ కార్పొరేట్ కాలేజీలో చదివాను. రెండు చోట్లా రిజల్ట్స్ బాగుండేవి. రెండు చోట్లా చీకటితోనే లేపేవాళ్లు, రాత్రి స్టడీ అవర్స్ పెట్టేవాళ్లు. టైమ్‌టేబుల్ పక్కపక్కన పెడితే పెద్ద తేడా కనిపించదు. తేడా ఒక్క దగ్గరే ఉంది. ‘నాకు అర్థం కాలేదు’ అని పిల్లాడు చెబితే ఏమవుతుందన్న దగ్గర.

చాక్‌పీస్ ఇచ్చిన సార్

గురుకులాలకు పెద్ద చరిత్రే ఉంది. పల్లెల్లోని తెలివైన పేద పిల్లల కోసం పీవీ నరసింహారావు చొరవతో 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటిది మొదలైంది. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. పిల్లలతోపాటు టీచర్లు కూడా క్యాంపస్‌లోనే ఉండటం ఈ బడుల ప్రత్యేకత.

మా లెక్కల సార్ కూడా అంతే. రాత్రి అన్నం తిని లుంగీలోనే స్టడీ అవర్‌కి వచ్చేసేవారు. ఓసారి బోర్డు మీద లెక్క చేస్తూ మైనస్ మర్చిపోయారు. వెనక బెంచీలో, ఎప్పుడూ పాస్ మార్కుల దగ్గరుండే కుర్రాడు లేచి ‘సార్, తప్పు’ అన్నాడు. క్లాసంతా బిగుసుకుపోయింది. సార్ చాక్‌పీస్ వాడి చేతికిచ్చి ‘రా, నువ్వే దిద్దు’ అన్నారు. అంతే. ఆ రోజు నుంచి ఆ క్లాసులో ఎవరూ డౌట్ దాచుకోలేదు.

అలాగని అదేం స్వర్గం కాదు. సాంబారు నీళ్లలా ఉండేది, బెత్తం కూడా ఉండేది.

ట్రంకుపెట్టెతో సెక్షన్ మార్పు

కార్పొరేట్ కాలేజీలో ఆదివారం పరీక్ష, రెండ్రోజుల్లో నోటీస్ బోర్డు మీద లిస్టు. మార్కులు తగ్గితే సెక్షన్ మార్చేస్తారు, హాస్టల్ గది కూడా మారుతుంది. మంచి లెక్చరర్లు పై సెక్షన్లకే. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ దొరుకుతుంది.

నా రూమ్మేట్ అలా ట్రంకుపెట్టె మోసుకుంటూ కింది సెక్షన్‌కి వెళ్లాడు. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లి, మళ్లీ రాలేదు. చాలా ఏళ్ల తర్వాత ఓ పెళ్లిలో కలిస్తే చెప్పాడు. ‘ఫిజిక్స్ మొదట్లోనే పోయింది రా. అడిగితే ఇంకా కిందికి తోస్తారని అడగలేదు.’

నేనూ అడగలేదు. రొటేషనల్ మోషన్ అర్థం కాకపోయినా రెండు నెలలు తలూపాను. పరీక్షలో ఆ ప్రశ్నలు వదిలేశాను. నాకు సీటొచ్చింది కాబట్టి మా ఇంట్లో ఆ కాలేజీ ఇప్పటికీ మంచి కాలేజీ. వాడి పేరు మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. టీవీ యాడ్‌లో ‘ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు’ అని లెక్కపెట్టేవాళ్లు మధ్యలో వెళ్లిపోయినవాళ్లను లెక్కపెట్టరు.

తప్పులు ఎక్కువ చెప్పే టీమే మంచి టీమ్

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా కోడ్ వల్ల మా సర్వీస్ అరగంట ఆగిపోయింది. ఇక ఇంటికే అనుకున్నాను. మా లీడ్ ‘ఎవరు చేశారు’ అని అడగలేదు. ‘ఎలా జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం చేద్దాం’ అన్నారు. గురుకులం సార్ గుర్తొచ్చారు.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఏమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆస్పత్రుల్లో మందుల పొరపాట్లపై పరిశోధన చేశారు. బాగా పనిచేసే టీముల్లోనే తప్పులు ఎక్కువ కనిపించాయి. తీరా చూస్తే వాళ్లు తప్పులు ఎక్కువ చేయడం లేదు, భయం లేకుండా బయటికి చెబుతున్నారు. తర్వాత గూగుల్ తన 180 టీములను పరిశీలించినప్పుడూ అన్నిటికంటే ముఖ్యమని తేలింది ఈ ధైర్యమే.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. గురుకులాల్లోనూ చాలాచోట్ల ఎంట్రన్స్ పెట్టే తీసుకుంటారు, అది వాళ్లకు కలిసొచ్చేదే. కార్పొరేట్‌లోనూ ప్రాణం పెట్టి చెప్పే లెక్చరర్లను చూశాను. కాబట్టి బోర్డు మీద పేరు చూసి తేల్చలేం. లోపల చూడాలి.

పిన్నికి చెప్పిన మూడు ప్రశ్నలు

మర్నాడు ఫోన్ చేసి, కాలేజీకి వెళ్లినప్పుడు ఈ మూడూ అడగమన్నాను:

1. చివరి సెక్షన్‌కి పాఠం ఎవరు చెబుతారు?
2. చేరినవాళ్లలో ఎంతమంది రెండో ఏడాది చివరిదాకా ఉన్నారు?
3. మార్కులు తగ్గిన పిల్లాడితో మొదట ఎవరు మాట్లాడతారు, ఏమని?

పిన్ని వెళ్లింది. ఆఫీసులో అతను ర్యాంకుల పాంప్లెట్ చేతికిచ్చాడట. ‘ఇది సరే బాబూ, చివరి సెక్షన్ ఒకసారి చూపిస్తారా?’ అని అడిగిందట. ‘మీ అబ్బాయి అక్కడికెందుకు వెళ్తాడు మేడమ్!’ అన్నాడట నవ్వుతూ.

ఇంకో రెండు కాలేజీలు చూసొస్తానంటోంది.