తుమ్మ పోవాలి, పైమట్టి మిగలాలి

వేసవి దుక్కులకు ముందు గ్రామాల్లో జేసీబీలకు గిరాకీ పెరుగుతుంది. కొన్నేళ్లు బీడుపడిన పొలాన్ని సర్కారు తుమ్మ కమ్ముకుంటే కూలీలతో నరికించడం వారాల తరబడి సాగే పని. యంత్రం దానిని రెండు మూడు రోజుల్లో ముగిస్తుంది. ఆ రోజుల్లో రైతు దృష్టి సహజంగా చెట్టు మీద, గంటల మీద ఉంటుంది. చెట్టు వేళ్లతో లేచిందా, బాడుగ ఎంతయింది అన్నవే లెక్కకు వస్తాయి. పొలం కోల్పోయిన పైమట్టి ఎవరి లెక్కలోనూ చేరదు. తరువాతి పంట అక్కడక్కడ పాలిపోయి గిడసబారినప్పుడు మాత్రమే దాని సంగతి బయటపడుతుంది.

కంప చెట్టు, ఇంగ్లీషు తుమ్మ అని కూడా పిలిచే ఈ ప్రోసోపిస్ జూలిఫ్లోరా మన నేలకు పరాయిది. వంటచెరకు కొరత తీర్చే ఉద్దేశంతో విదేశాల నుండి తెప్పించిన విత్తనాలతో 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో దీనిని నాటారు. వంటచెరకు కొరత సంగతి ఎలా ఉన్నా, ఈనాడు బీళ్లలో, చెరువు శిఖాల్లో, డొంకల్లో దీనికి కొరత లేదు. గొడ్డలితో నరికితే ఇది చావదు. మొదలు చుట్టూ, నేలమట్టానికి కొద్దిగా దిగువన నిద్రాణంగా ఉండే మొగ్గల నుండి పిలకలు లేస్తాయి. ఒక కాండం ఉన్న చోట పొద తయారవుతుంది. భూమి లోపల సుమారు 30 సెంటీమీటర్ల లోతు వరకు మొదలును పెకలిస్తే తిరిగి చిగురించే అవకాశం బాగా తగ్గుతుంది. యంత్రం అవసరం ఇక్కడే ఉంది. వేరు చివరి వరకు తవ్వవలసిన పని లేదు. మొగ్గలున్న ఆ మొదలు భాగం బయటపడితే చాలు.

ఈ పనికి దంతాలున్న బకెట్ కావాలి. చదునైన బ్లేడుతో మట్టిని నెట్టుకుపోయే డోజరు చెట్లను వేగంగా పడగొట్టే మాట నిజమే గాని, ప్రతి చెట్టుతో పాటు బారెడు పైమట్టిని కూడా కుప్పలోకి తోస్తుంది. మొదళ్లు లావెక్కిన పాత తోపుల్లో గొలుసు చక్రాల ఎక్స్‌కవేటర్ మేలు. దాని బరువు విశాలమైన పట్టీల మీద పంచుకోబడుతుంది. పైగా తుమ్మ ముళ్లకు టైర్లు పంక్చరయ్యే బెడద ఉండదు. చిన్న చెట్లకు చక్రాల జేసీబీ సరిపోతుంది.

యంత్రం రాకముందే కొమ్మలు కొట్టించి, కాండాన్ని నాలుగైదు అడుగుల ఎత్తున వదిలేయాలి. మొదలంటా నరికించడం చాలామంది చేసే పొరపాటు. నిలిచి ఉన్న ఆ మోడే బకెట్‌కు మీటలా పనిచేస్తుంది. ముందుగా మూడు వైపులా పక్క వేళ్లు తెంపి, తరువాత మోడు పైభాగాన్ని నెట్టితే మొదలు తక్కువ మట్టితో లేస్తుంది. లేచిన మొదలును వెంటనే కుప్పకు చేర్చకుండా ఒకటి రెండు రోజులు ఎండనిచ్చి, బకెట్‌తో పట్టుకుని గుంత మీదనే దులిపించాలి. తవ్వేటప్పుడు పైమట్టిని ఒక పక్క, అడుగు మట్టిని మరో పక్క పోయించి, పూడ్చేటప్పుడు అడుగు మట్టిని ముందు, పైమట్టిని చివర వేయించాలి. గంటల లెక్కన బాడుగ కడుతున్న రైతుకు ఇది అదనపు ఖర్చుగా తోస్తుంది. చెట్టుకు ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటే ఆపరేటర్‌కు తొందర. మా అభిప్రాయంలో గంటల లెక్కే నయం, రైతు దగ్గరుండి చూసుకోగలిగితే.

అసలు నష్టం తరచుగా చెట్లన్నీ పోయిన తరువాత జరుగుతుంది. "యంత్రం ఎలాగూ వచ్చింది, ఎత్తుపల్లాలు కూడా చదును చేయించేద్దాం" అన్న ఆలోచన అప్పుడే పుడుతుంది. ఒక ఎకరం మీద ఒక అంగుళం మందాన మట్టి అంటే సుమారు 100 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రాలీలో 3 ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే అది 34 ట్రాలీల మట్టి. బరువులో 140 టన్నులు. అంత ఎరువును పొలానికి తోలాలంటే ఏ రైతైనా జంకుతాడు. అంత పైమట్టిని పల్లంలోకి నెట్టడానికి యంత్రానికి ఒక్క పూట చాలు. రాయలసీమ ఎర్ర నేలల్లో పైపొర పలుచన; ఒక జానెడు గీకితే అనేక చోట్ల గరుసు తేలుతుంది. సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది ఆ జానెడులోనే. చదును తప్పనిసరి అయితే ముందు పైపొరను తీసి గట్టు వారగా పోయించి, అడుగు మట్టిని సరిచేసి, మళ్లీ పైపొరను పరిపించాలి. అంత ఖర్చు పెట్టలేనివారు వాలుకు అడ్డంగా గట్లు వేసుకుని పొలాన్ని ఉన్నట్లే సాగు చేసుకోవడం మంచిది.

రెండవ నష్టం కంటికి కనిపించదు. జేసీబీ బరువు 7 నుండి 8 టన్నులు, పెద్ద ఎక్స్‌కవేటర్‌ది 20 టన్నుల వరకు. తడి నేలపై అవి తిరిగితే పైపొర కిందనున్న మట్టి కూడా గట్టిపడుతుంది. పైన గట్టిపడినది మామూలు దుక్కితో విడుతుంది. అడుగున్నర లోతున గట్టిపడిన దానిని మామూలు నాగలి అందుకోలేదు, ఉలి నాగలి కావలసి వస్తుంది. నల్లరేగడిలో అడుగు లోతు మట్టిని తీసి అరచేతుల మధ్య నులిమి చూడాలి. విరగకుండా సన్నని తాడులా సాగితే యంత్రాన్ని దించరాదు. ఎండిన నేలలో సైతం రాకపోకలకు ఒకే బాట గుర్తించి ఇవ్వాలి.

కొన్ని చోట్ల పెకలించకపోవడమే మేలు. చెరువు కట్ట మీది చెట్టును వేళ్లతో లాగితే ఆ గుంత వానాకాలంలో నీటికి దారి అవుతుంది; అక్కడ ఏ పనైనా నీటిపారుదల సిబ్బంది సలహా మీదనే జరగాలి. వాగు ఒడ్డున చెట్ల వేళ్లే గట్టును పట్టి ఉంచుతాయి. పాత బావి ఒరకు దగ్గరగా యంత్రాన్ని నిలపరాదు. వేప, తాటి వంటి ఉంచదలచిన చెట్లకు ముందురోజే సున్నం గుర్తులు పెట్టించాలి. బోరు గొట్టాలు, భూమిలోని కేబుళ్లు ఎక్కడ ఉన్నాయో ఆపరేటర్‌కు చూపాలి. చెట్ల నరికివేతకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) వర్తిస్తుంది కనుక, ఏ జాతికి అనుమతి కావాలో అటవీ అధికారులను ముందే అడిగి తెలుసుకోవాలి. విద్యుత్ తీగల కింద పని ఉంటే సరఫరా ఆపించనిదే మొదలుపెట్టరాదు. బకెట్ తిరిగే పరిధిలో, పడే చెట్టు ఎత్తుకు రెట్టింపు దూరంలో మనుషులు ఉండరాదు.

కుప్పలను పొలంలోనే తగలబెడితే ఆ చోట మట్టి ఇటుకలా కాలి, చాలాకాలం పైరు సరిగా రాదు. తుమ్మ కలప మంచి బొగ్గునిస్తుంది. బొగ్గు కాల్చేవారికో, వంటచెరకుకో అమ్మితే బాడుగలో కొంతైనా తిరిగి వస్తుంది.

తొలకరి తరువాత అసలు కాపలా మొదలవుతుంది. తుమ్మ కాయలు తిన్న పశువులు, మేకల పేడలో విత్తనాలు చెడకుండా బయటికి వస్తాయి. మట్టిలో పడినవి ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటాయి. వాన పడిన రెండు మూడు వారాలకు పొలమంతా కలియతిరిగితే జానెడు మొలకలు కనిపిస్తాయి. నేల మెత్తగా ఉన్న అప్పుడు అవి చేతికే వస్తాయి. మరుసటి వేసవికి గునపం కావాలి. మూడో ఏడు వదిలేస్తే మళ్లీ జేసీబీకి కబురు పంపాలి.