కూర్చుంటే లేవాలిగా!

నడవగలరు. గుడికి వెళ్లగలరు. మనవణ్ని బడి దాకా దిగబెట్టి రాగలరు. చిక్కల్లా ఒక్కటే... కూర్చుంటే లేవలేరు! పల్నాడులో ఇలాంటి పెద్దలు లేని వీధి ఉండదు. అలాంటివాళ్లను కుర్చీలోంచి మెల్లగా పైకి లేపే 'సీట్ లిఫ్ట్'లు ఇప్పుడు మనకూ దొరుకుతున్నాయి. అవి ఎవరికి పనికొస్తాయి? ఎవరికి వద్దు? అసలు డబ్బు ఖర్చు పెట్టకముందు ఇంట్లో చేసుకోగలిగిందేమిటి?

రాష్ట్రంలో ఎండల మాటెత్తితే ముందుగా వినిపించే ఊళ్లలో రెంటచింతల ఒకటి. మే నెల వచ్చిందంటే అక్కడ పొద్దుగూకాక కూడా నాపరాయి అరుగులు సెగలు కక్కుతూనే ఉంటాయి. అంత వేడిలోనూ కొందరు పెద్దవాళ్లు గ్లాసుడు నీళ్లు ఇస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేస్తారు. 'దాహం లేదులేమ్మా' అంటారు. నిజానికి దాహం లేక కాదు. నీళ్లు తాగితే దొడ్లోకి వెళ్లాలి. వెళ్లాలంటే మంచం మీంచి లేవాలి. లేవాలంటే ఎవర్నో ఒకర్ని పిలవాలి. కొడుకూ కోడలూ చేలో ఉంటారు. మనవడు బడిలో ఉంటాడు. అందుకని నీళ్లే తగ్గించేస్తారు!

ఆ తరవాత వరసగా మొదలవుతాయి... మలబద్ధకం, మూత్రంలో మంట, కళ్లు తిరగడం, వడదెబ్బ. ఒక్కోదానికీ ఒక్కో మందు తెస్తారు ఇంట్లోవాళ్లు. అసలు కారణం పెద్దావిడ పడుకునే మంచం ఎత్తు కావచ్చన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

లేవడం అంత తేలికేం కాదు

కుర్చీలోంచి లేవడం వయసులో ఉన్నవాళ్లకు ఓ పనే కాదు. కానీ ఆ రెండు సెకన్లలో ఒంట్లో చాలా జరుగుతుంది. ముందు నడుం ముందుకు వంగుతుంది. ఒంటి బరువు పిరుదుల మీంచి పాదాల మీదికి జారుతుంది. అప్పుడు తొడ ముందు కండరాలూ పిరుదుల కండరాలూ కలిసి ఆ బరువును పైకి నెడతాయి. చివర్లో ఒళ్లు తూలకుండా నిలదొక్కుకోవాలి. ఈ నాలుగింటిలో ఏది కుదరకపోయినా మళ్లీ కుర్చీలో కూలబడాల్సిందే.

ముప్ఫై ఏళ్లు దాటాక పదేళ్లకోసారి 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుందని వైద్యులు చెబుతారు. అరవై దాటాక ఆ తరుగుదల ఇంకా వేగంగా ఉంటుంది. దానికి మోకాళ్ల అరుగుదల తోడైతే లేవడమే గండంగా మారుతుంది. పల్నాడులో ఎందరో ఆడవాళ్ల జీవితం గొంతుక్కూర్చుని చేసే పనుల్లోనే గడిచింది. కల్లాల్లో మిర్చి తాలుకాయలు ఏరడం, పొలంలో కలుపు తీయడం, కట్టెల పొయ్యి ముందు వంట... అన్నీ నేల మీది పనులే. మోకాళ్లు బాగున్నప్పుడు అది మంచి వ్యాయామమే. అవి అరిగాక మాత్రం నేల అందనంత లోతుకు వెళ్లిపోయినట్టు ఉంటుంది.

మన ఇళ్లలో సామాను కూడా ఇలాంటివాళ్లకు అనుకూలంగా ఉండదు. నులకమంచం వాడేకొద్దీ మధ్యలో కుంగి తొట్టిలా అవుతుంది. పీట ఉండేదే జానెడెత్తు. పెళ్లిళ్లలో వేసే ప్లాస్టిక్ కుర్చీ తేలిగ్గా ఉంటుంది కాబట్టి, చేతులు ఆనించి లేవబోతే వెనక్కి జారిపోతుంది. ఇక నేలబారు మరుగుదొడ్డి సంగతి చెప్పక్కర్లేదు.

పైకి నెట్టే దిండు

సీట్ లిఫ్ట్ అంటే చూడ్డానికి ఓ మందపాటి దిండు. కిందో పలక, పైనో పలక. రెండూ ముందువైపు మడతబందుతో కలిసి ఉంటాయి. మధ్యలో వాయువు నింపిన గొట్టం లాంటి స్ప్రింగు. కారు డిక్కీ తలుపు ఎత్తగానే దానంతటదే పైకి లేస్తుందే... అదే కిటుకు ఇక్కడా! మనిషి కూర్చోగానే ఆ బరువుకు దిండు నెమ్మదిగా అణుగుతుంది. లేవడానికి ముందుకు వంగగానే వెనక భాగం పైకి లేచి పిరుదుల్ని నెడుతుంది. చేతితో సర్దుకునే ఇలాంటి రకాలు ఒంటి బరువులో సుమారు 70 శాతం దాకా మోస్తాయని తయారీదారులు చెబుతారు. మిగతాది మనిషి కాళ్లే చూసుకోవాలి.

కరెంటుతో నడిచే రకం ఇంకోటి ఉంది. మీట నొక్కితే మోటారు సీటును మెల్లగా ఎత్తుతుంది. కాళ్లలో బలం మరీ తక్కువగా ఉన్నవాళ్లకు ఇది నయం. కానీ పక్కనే ప్లగ్గు ఉండాలి. కరెంటు పోతే కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే! స్ప్రింగు రకానికి ఆ బాధ లేదు. నాలుగైదు కిలోల బరువుండి, చేత్తో పట్టుకెళ్లేందుకు పిడి ఉన్నవీ దొరుకుతాయి. మాచర్ల నుంచి గుంటూరులో కూతురింటికి రైల్లో వెళ్లినా వెంట తీసుకెళ్లొచ్చు.

ధర తక్కువేం కాదు. చేతితో సర్దుకునే రకమే వేలల్లో ఉంటుంది. కరెంటుది ఇంకా ఎక్కువ. చిన్న ఊళ్ల మందుల దుకాణాల్లో మోకాలి బెల్టు, చేతికర్ర దొరికినంత తేలిగ్గా ఇవి దొరకవు. చాలామంది ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటున్నారు. అందుకే కొనేముందు నాలుగు సంగతులు తెలుసుకోవాలి.

మొదటిది, బరువు. ప్రతి దిండుకీ ఇంత నుంచి ఇంత వరకు అని ఓ లెక్క ఉంటుంది. బక్కపలచని ముసలమ్మ కింద బలమైన స్ప్రింగు పెడితే అది ఆమెను ముందుకు తోసేస్తుంది. బరువైన మనిషి కింద బలహీనమైనది పెడితే అసలు కదలదు.

రెండోది, కుర్చీ. చేతులున్న, గట్టి సీటున్న, కదలని చెక్క కుర్చీ అయితేనే దిండు నిలుస్తుంది. తిరిగే కుర్చీ, మడత కుర్చీ, ఊగే కుర్చీ, చక్రాల కుర్చీల మీద పెట్టకూడదు. నులకమంచం, నవారు మంచం మీద కూడా పనికిరాదు.

మూడోది, ఎత్తు. దిండు మందం కుర్చీ ఎత్తుకు కలుస్తుంది. పొట్టివాళ్లకు పాదాలు నేలకు ఆనకుండా గాల్లో వేలాడితే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

నాలుగోది, మొదటి నాలుగైదు రోజులు పక్కన ఎవరో ఒకరు నిలబడి అలవాటు చేయించాలి.

అందరికీ కాదు

ఈ సాధనం ఎవరికి పనికొస్తుందో తేల్చుకోవడానికి అమెరికా నిబంధన ఒకటి మనకూ ఉపయోగపడుతుంది. అక్కడ వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్, కుర్చీకి అమర్చే లిఫ్టు యంత్రానికి డబ్బు ఇస్తుంది. అయితే షరతులున్నాయి. మోకాలికో తుంటికో తీవ్రమైన కీళ్లవాతమైనా, తీవ్రమైన నరాల-కండరాల జబ్బయినా ఉండాలి. ఇంట్లోని మామూలు కుర్చీలోంచి అసలు లేవలేని స్థితి అయి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది... ఒకసారి లేచి నిలబడితే నడవగలగాలి! ఒక్కసారిగా ఎగదోసి మనిషిని కుదిపేసే స్ప్రింగు రకానికి మాత్రం పైసా ఇవ్వరు.

ఈ షరతుల్లోనే అసలు సంగతంతా ఉంది. లిఫ్టు లేపుతుంది, నడిపించదు. లేచాక కాళ్లు వణికి కూలబడేవాళ్లకూ, నిలబడగానే తూలేవాళ్లకూ, చెప్పిన జాగ్రత్త గుర్తుండనివాళ్లకూ అది మేలు చేయకపోగా కింద పడేస్తుంది.

ముందుకు వంగలేనివాళ్లకూ ఇబ్బందే. ఫ్లోరైడు నీళ్లు ఏళ్ల తరబడి తాగి వెన్ను కర్రలా బిగుసుకుపోయినవాళ్లు ఈ కోవలోకి వస్తారు. దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించింది పల్నాడుకు దగ్గర్లోనే. అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల గురించి వైద్యులు 1937లోనే రాశారు. అలాంటివాళ్లు డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడగకుండా ఏ లిఫ్టూ కొనకూడదు.

నిన్నటిదాకా బాగా లేచిన మనిషి ఉన్నట్టుండి లేవలేకపోతే దాన్ని వయసు మీదికి నెట్టేయకూడదు. ఒకవైపు కాలూ చెయ్యీ పట్టు తప్పితే పక్షవాతం కావచ్చు... క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విటమిన్-డి లోపం, థైరాయిడ్ తేడాలు, పార్కిన్సన్స్, దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్లు కూడా లేచే శక్తిని తగ్గిస్తాయి. వీటిలో చాలావాటికి మందు ఉంది.

నాలుగంగుళాల మహిమ

వేలు పెట్టలేని ఇంట్లో ఏం చేయాలి? సీటు ఎత్తు పెంచాలి. అంతే! కూర్చుని లేవడం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన ఓ సమీక్ష 2002లో అచ్చయింది. సీటు ఎత్తుగా ఉంటే లేచేటప్పుడు మోకాలి మీద పడే భారం 60 శాతం దాకా, తుంటి మీద పడేది 50 శాతం దాకా తగ్గుతుందని అందులో తేలింది. అదే సమీక్ష ప్రకారం కుర్చీ చేతుల మీద ఆనుకుని లేస్తే ఆ భారం ఇంకా తగ్గుతుంది.

పెద్దావిడను కూర్చోబెట్టి మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపుతో కొలవండి. సీటు దానికన్నా రెండు మూడు అంగుళాలు ఎత్తులో ఉండాలి, పాదాలు మాత్రం నేలకు ఆనాలి. నులకమంచమైతే ముందు నులక బిగించి కట్టించాలి. తరవాత నాలుగు కోళ్ల కిందా చెక్కదిమ్మెలు పెట్టించాలి. కోడు జారకుండా దిమ్మె మధ్యలో గుంట తొలవమని వడ్రంగికి చెప్పాలి. ఇటుకలు పేర్చితే జారిపోతాయి, వద్దు. ప్లాస్టిక్ కుర్చీ వెనకభాగం గోడకు ఆనించి ఉంచితే జారదు. మరుగుదొడ్డిలో గోడకు ఓ గట్టి కడ్డీ బిగించాలి. నేలబారు దొడ్డి మీద వాడుకునే కమోడ్ కుర్చీ ఉంటే సగం భయం పోతుంది.

లేచే పద్ధతీ ముఖ్యమే. ముందు సీటు అంచుకు జరగాలి. పాదాలను మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి లాక్కోవాలి. ముక్కు కాలివేళ్ల దాకా వచ్చేలా ముందుకు వంగాలి. అప్పుడు చేతులతో నొక్కి లేవాలి. లేచాక పది అంకెలు లెక్కపెట్టి అడుగు వేయాలి. సాయం చేసేవాళ్లు చేతులు పట్టుకుని గుంజితే వాళ్ల భుజం కీలు తప్పుతుంది, మీ నడుమూ పడుతుంది. పక్కన నిలబడి నడుం దగ్గర ఆసరా ఇవ్వాలి.

పెద్దల బలం తెలుసుకోవడానికి ఓ తేలిక పరీక్ష ఉంది. 17 అంగుళాల ఎత్తున్న చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. అమెరికా సీడీసీ కొలమానం ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు కనీసం 12 సార్లు, మగవాళ్లు 14 సార్లు లేవాలి. 70 నుంచి 74 ఏళ్లవాళ్లకైతే ఆడవాళ్లకు 10, మగవాళ్లకు 12. అంతకు తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువన్నమాట. పరీక్షప్పుడు పక్కన మనిషి ఉండాలి. ఫలితం తగ్గితే దిగులు పడక్కర్లేదు. డాక్టరు సరేనంటే ఇదే పరీక్షను రోజూ కొద్దికొద్దిగా వ్యాయామంగా చేయించొచ్చు. తొడ కండరం ఏ వయసులోనైనా బలపడుతుంది. లిఫ్టు కొన్నాక కూడా ఈ వ్యాయామం మానకూడదు. యంత్రానికి పూర్తిగా అలవాటు పడితే ఉన్న బలమూ పోతుంది.

సర్కారు సాయం

పేద వృద్ధులకు ఉచితంగా ఉపకరణాలిచ్చే 'రాష్ట్రీయ వయోశ్రీ యోజన' 2017లో నెల్లూరులోనే మొదలైంది. అరవై దాటి, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకూ, నెల ఆదాయం 15 వేల లోపు ఉన్నవాళ్లకూ వర్తించేలా దీన్ని రూపొందించారు. 'ఆలింకో' సంస్థ శిబిరాలు పెట్టి చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఇస్తూ వచ్చింది. ఆ తరవాత కమోడ్ కుర్చీ, మోకాలి బెల్టు, నడుం బెల్టు లాంటివీ చేర్చారు. సీట్ లిఫ్ట్ ఆ జాబితాలో లేదు. కానీ లేవలేని మనిషికి కమోడ్ కుర్చీ చిన్న సాయమేం కాదు. శిబిరం ఎప్పుడో గ్రామ సచివాలయంలో గానీ, నరసరావుపేటలోని జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖ అధికారుల్ని గానీ అడగొచ్చు.

కోటప్పకొండ మెట్లు ఒక్క ఊపులో ఎక్కినవాళ్లే ఇప్పుడు మంచం మీంచి లేవడానికి మనవడి కోసం చూస్తున్నారు. వాళ్లు అడగరు. అడగడానికి మొహమాటం. అందుకే ఇంట్లోవాళ్లే గమనించాలి. ఈ సాయంత్రం ఓసారి వాళ్ల మంచం ఎత్తు కొలవండి. పక్కనున్న గ్లాసులో నీళ్లు తగ్గాయో లేదో చూడండి. దిమ్మెలతోనో దిండుతోనో... పెద్దావిడ తనంతట తాను లేవగలిగిన రోజు, ఆ గ్లాసు దానంతటదే ఖాళీ అవుతుంది!