గోడమీది కరణము

గ్రామముల లెక్కలు వ్రాసిన కరణములు నేడు లేరు. ఇంటి విద్యుత్తు లెక్క వ్రాయు కరణము మాత్రము గోడమీద రేయింబవళ్ళు మేల్కొనియే యున్నాడు. అతడే మీటరు. బిల్లు వచ్చిన నాడు తప్ప అతని చిట్టా చూచువారు అరుదు.

వేయి వాట్ల పరికరము ఒక గంట పనిచేసిన ఖర్చగునది ఒక యూనిట్టు. 75 వాట్ల పంకా 13 గంటల 20 నిమిషములు తిరిగిన ఒక యూనిట్టగును. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు 111 గంటలు పట్టును. 2000 వాట్ల నీళ్ళ హీటరుకో, అరగంట చాలును.

1880వ దశాబ్దిలో ఎడిసన్ మీటరులోని జింకు పలకలను నెలనెలా తూచి బిల్లు వేసెడివారు. ఇంటివారు చదువుకొనుటకు వీలులేని లెక్క యది. 1889లో బుడాపెస్టు నగరపు ఇంజనీరు ఒట్టో బ్లాతీ, బిళ్ళ తిరుగు మీటరును రూపొందించెను. వాడుక హెచ్చిన కొలది బిళ్ళ వడిగా తిరిగి, అంకెల చక్రములను నడపును. నేడు పెక్కు ఇండ్లలో ఆ బిళ్ళకు మారుగా చిన్న ఎఱ్ఱదీపము మినుకుమనుచున్నది.

మీటరుపై 3200 ఇంపల్సులని యున్నచో, దీపము అన్నిమార్లు మినుకుమన్న ఒక యూనిట్టు. నిమిషమునకు 16 మార్లన్న గంటకు 960. అనగా ఆ వేళ ఇంటిలో 300 వాట్లు ఖర్చగుచున్నవి. స్విచ్చులన్నియు ఆపినను మినుకు ఆగకున్నచో, ఏ పరికరమైన గుట్టుగా విద్యుత్తు త్రాగుచున్నదో, తీగలలో లోపమున్నదో విచారింపవలెను.

అంకెలు చదువునపుడు తెరపై కె.డబ్ల్యు.హెచ్. అను గుర్తున్న సంఖ్యనే గైకొని, దశాంశమును విడువవలెను. గత బిల్లున 4210, పదునైదవనాడు 4272 అయినచో ఖర్చు 62 యూనిట్లు; అదే తీరున నెలకు 124. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వాడుక పెరిగిన కొలది యూనిట్టు ధరయు మెట్లుమెట్లుగా హెచ్చును. నూరు దాటరాదనుకొన్న గృహిణికి మిగిలినవి 38, దినమునకు రెండున్నర. ఈ సంగతి నెల నడుమ తెలిసిన దిద్దుకొనవచ్చును. బిల్లునాడు తెలిసిన అప్పు చేయవలసివచ్చును. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనన్న సామెతకు ఇంతకంటె తగిన తావు లేదు.

విద్యార్థులు వారము దినములు సాయంకాలము ఒకే వేళకు ఈ అంకెలు వ్రాసి, తీసివేత చేసి, గ్రాఫు గీయవచ్చును. ఇస్త్రీ చేసిన దినము, చుట్టములు వచ్చిన దినము అందు ఎత్తుగా కన్పట్టును. తీసివేత బడిలో నేర్చినదే. దాని విలువ మాత్రము ఇంటిలో తెలియును.